మామ మీద కొట్టిన హారన్

మేడిగుట్ట తండాలో హాతీరాం కోడలు పుష్ప, పెళ్లయి వచ్చిన నాటి నుంచి మామతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. కొట్లాడుకుని కాదు, అది వాళ్ల రివాజు. కోడలన్నది మామ ఎదురుపడితే కొంగు కళ్ల దాకా లాక్కోవాలి, నోటికి తాళం వేసుకోవాలి. సరే, ఒకే కప్పు కింద బతికేవాళ్లకు మాట లేకుండా పూట గడుస్తుందా? గడవదు. అందుకని మధ్యలో వసారా గుంజను పెట్టుకున్నారు. "గుంజా, అన్నం పెట్టిన, చల్లారుతున్నదని చెప్పు" అంటుంది పుష్ప. "గుంజా, కూరల ఉప్పు లేదని చెప్పు" అంటాడు హాతీరాం. వాళ్లింట్లో నడిచేది లంబాడీ మాట, మనకోసం తెలుగులో చెప్పుకుంటున్నాం గానీ, ఏ భాషలో చెప్పుకున్నా గుంజ గుంజే.

పుష్ప ఏన్కూరులో ఇంటర్ చదివిన పిల్ల. కర్రతో మాట్లాడటమేమిటని మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత ఒళ్లు మండేది. అయినా ఓర్చుకుంది. ఎందుకంటే అడిగింది అత్త ద్వాలి. "ఆయన పెద్దరికం ఆ ఒక్క దాంట్లనే ఉందనుకుంటడు బిడ్డా. నా మొకం చూసి అదొక్కటి కాపాడు, మిగిలిందంత నేను చూసుకుంట" అంది. ద్వాలి అంటే పుష్పకు ప్రాణం. అమ్మను పిలిచినట్టే ఆమెను "యాడీ" అని పిలుస్తుంది.

ఇట్లా గుంజ పుణ్యమా అని సాగుతున్న సంసారంలోకి వ్యాను వచ్చింది.

పుష్ప మొగుడు కోటేష్ సారపాక మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ మీద డ్రైవరు. ఇంట్లో ఉండేది తక్కువ, రోడ్డు మీద ఉండేది ఎక్కువ. ఖమ్మంలో ఎవరో సంసారులు వాడుకుని వదిలేసిన ఏడు సీట్ల వ్యానును చూసి తెచ్చాడు. వెనకద్దం మీద ఆ ఇంటి పిల్లల పేర్లు, భాను, సాయికిరణ్ అని, ఇంకా అట్లాగే మెరుస్తున్నాయి. తండా ఆడవాళ్లు కొందరికి సారపాక అవతల ఒక నర్సరీలో మొక్కల కవర్లు నింపే పని దొరికింది. పొద్దున్నే అడవి దారిన పోవాలి, ఆ వేళకు బస్సు లేదు. వ్యానుకు డ్రైవర్ని పెట్టాడు. ఆ మహానుభావుడు రెండో నెలకే చెప్పకుండా మాయమయ్యాడు. ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. అప్పుడు పుష్ప తాళం అందుకుంది. పత్తి ఏరేసిన చేలో మొగుడి దగ్గర నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, స్టీరింగు ముందు కూర్చుంది.

హాతీరాం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "గుంజా, నా కోడలు కొంగు తీసి అద్దాలల్ల చూసుకుంట బండి తోలుతదా? తండాల నా మొకం ఏడ పెట్టుకోవాలె?" అని అరిచాడు. కొంగు కళ్ల మీదుంటే వెనకొచ్చే లారీ ఎలా కనపడుతుందో గుంజ కూడా చెప్పలేకపోయింది. చివరికి ద్వాలి మాట్లాడలేదు గానీ పొయ్యి రాజెయ్యడం మానేసింది. పొయ్యి ముందు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆకలికి హాతీరాం దిగొచ్చాడు. అట్లాంటి మనిషి పుష్ప అత్త.

కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. బండి మొరాయించడం మొదలుపెట్టింది.

ఎడమ ఇండికేటర్ వేస్తే ముందు లైట్లు మసకబారేవి. బ్రేకు తొక్కితే వైపర్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. హారన్ నొక్కితే జలుబు చేసిన దూడ అరిచినట్టు ఒక కూత వచ్చేది, దానికి కోళ్లు కూడా పక్కకు జరిగేవి కావు. అన్నిటికన్నా ఘోరం, తాళం తిప్పితే 'టిక్' అని ఒక్క చప్పుడు, ఆపైన ఏమీ లేదు. ఆడవాళ్లు దిగి తోయాలి. వాళ్లలో నోరున్నది రూప్లి. "నర్సరీల చేసే పని కంటె దీన్ని తోసే పని ఎక్కువైతున్నది. దీనికి గూడ హాజరు వెయ్యమను" అనేది. అని, అందరికన్నా ముందు చీర దోపుకుని దిగేది కూడా ఆమే.

సారపాకలో బండ్ల కరెంటు పని చేసే బలరాం ఏమి చేయగలడో అన్నీ చేశాడు. బ్యాటరీ మార్చాడు. డైనమో విప్పి చుట్టించాడు. సెల్ఫ్ మోటారు కొత్తది వేశాడు. ఫ్యూజులు మార్చాడు. ప్రతిసారీ నాలుగు రోజులు బండి బుద్ధిగా నడిచేది, మళ్లీ 'టిక్'. ఒక్క చోట మాత్రం అతను చెయ్యి పెట్టలేదు. ముందు సీటు ఎత్తితే బ్యాటరీ, దాని పక్కనే బండి నేలకు బోల్టుతో బిగించిన నల్ల తీగ కొస. అక్కడంతా పసుపు, కుంకుమ మెత్తి ఉన్నాయి. "అమ్మవారికి పెట్టిన బొట్టు మీద స్పానర్ పెట్టను చెల్లె, మా ఇంట్ల గూడ పిల్లలున్నరు" అని లెంపలేసుకుని, పైపైన చూసి సీటు దించేసేవాడు.

ఆ బొట్టు పెట్టింది ద్వాలి. బండి ఇంటికొచ్చిన రోజే కొడుకును అడిగింది, "దీని గుండె యాడ ఉంటదిరా?" అని. కోటేష్ సీటు ఎత్తి బ్యాటరీ చూపించాడు. అంతే. ప్రతి మంగళవారం ఆమె తమ అమ్మవారు మేరామ యాడిని తలుచుకుని, ఆ గుండె పక్కన పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి నీళ్లు అక్కడే పోసేది. అది మంగళవారం లెక్క. బండి ఆగిన ప్రతిసారీ కొట్టేది మళ్లీ వేరే. "దిష్టి బిడ్డా, దిష్టి. ఆడది తోలే బండి అని ఊరి కండ్లన్ని దీని మీదనే" అనేది.

హాతీరాం ఒక్కటే అనేవాడు. "గుంజా, బండికి రోగం లేదు, తోలే చేతికి ఉంది. ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగిందనుకో, అమ్ముడే అని చెప్పు."

ఆ ఇంకొక్కసారి సోమవారం సాయంత్రం వచ్చింది. నర్సరీ నుంచి తిరిగొస్తుంటే అడవిలో కల్వర్టు దగ్గర మేకల మంద అడ్డమొచ్చింది. పుష్ప బ్రేకు తొక్కింది, బండి ఆగిపోయింది. తాళం తిప్పితే టిక్. తోయడానికి అటూ ఇటూ ఎత్తే. వెనకొచ్చిన లారీ డ్రైవరు జాలిపడి కొసల్లో కరిచే పట్టీలున్న రెండు తీగలు తన బ్యాటరీకి తగిలించి తెచ్చాడు. ఎర్ర పట్టీ ఎర్ర వైపు పెట్టాడు, నల్ల పట్టీ బ్యాటరీ నల్ల వైపు పెట్టాడు. టిక్. "గిదేంది, రెండు బ్యాటరీలకు గూడ లేస్తలేదు" అని విసుక్కుని, నల్ల పట్టీని పీకి ఇంజను ఇనుము మీద ఒక బోల్టుకు కరిపించాడు. తాళం తిప్పగానే ఇంజను లేచింది. పుష్ప చేయి తగిలి హారన్ మోగింది. అది దూడ కూత కాదు. అడవి ఉలిక్కిపడింది, మేకలు చెదిరిపోయాయి. పట్టీ తీయగానే హారన్ మళ్లీ దూడ అయిపోయింది.

దారి పొడుగునా పుష్పకు అదే ధ్యాస. బ్యాటరీ మీద పెడితే లేవనిది ఇనుము మీద పెడితే లేచింది. అంటే బ్యాటరీ మంచిదే, మోటారు మంచిదే. రెండింటికీ మధ్య దారి తెగింది. పోయిన కరెంటు తిరిగి రావాలంటే బండి ఒళ్లంతా ఇనుమే దానికి తోవ అని బలరామే ఒకసారి చెప్పాడు. పది రోగాలనుకుని పది మందులు వేస్తున్నారు, రోగం ఒక్కటే అనిపించింది.

ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. హాతీరాం వసారాలో తలపాగా సర్దుకుని కూర్చుని ఉన్నాడు. "గుంజా, పెనుబల్లి వెంకటప్పయ్యకు ఫోన్ చేసిన. రేపు పొద్దుగాల వస్తడు. బండి ఆయనకు ఇచ్చేస్తున్నమని చెప్పు."

"గుంజా, ఇయ్యనని చెప్పు" అంది పుష్ప.

"గుంజా, మాటిచ్చిన. హాతీరాం మాట తప్పడని చెప్పు."

"గుంజా, బండి తోలేది నేను. నన్ను అడగకుంట మాట ఎట్లిచ్చిండో అడుగు."

హాతీరాం లేచి లోపలికి పోయాడు. కోటేష్‌కు ఫోన్ చేస్తే, "నాయిన పెద్దమనిషి కద పుష్పా, నలుగుట్ల మాటిచ్చిండు, ఏం జేస్తం" అని నసిగాడు. పుష్ప ఫోన్ పెట్టేసింది. బండి పోతే ఆరుగురు ఆడవాళ్లు పని పోగొట్టుకుని మళ్లీ ఇంట్లో కూర్చుంటారు. తను మళ్లీ కొంగు కిందికి పోతుంది, ఈ జన్మకు గుంజతో కబుర్లే గతి. అది తలుచుకుంటే ఏడుపు రాలేదు, కసి పుట్టింది. పొమ్మంటే పోవడానికి అదేమన్నా అరువు తెచ్చుకున్న బతుకా?

తెల్లవారుతుండగానే బండి తలుపు తీసింది. ముందుగా కనపడినవి చీమలు. గడప మీంచి బారుగా ఎక్కి, రబ్బరు పట్టా కింద నుంచి ముందు సీటు కిందికి పోతున్నాయి. బండిలో చీమలకేం పని? సీటు ఎత్తింది. బారు తిన్నగా పోయి పసుపు కుంకుమల ముద్దలో దూరుతోంది. ముద్ద తడిగా, తియ్యగా, పులిసిన టెంకాయ వాసన కొడుతోంది. చేతి వేలితో పక్కకు తీసింది. పొరలు పొరలుగా ఊడొచ్చింది. అడుగున నల్ల తీగ కొస, బోల్టు, రెండూ పచ్చటి చిలుము పట్టి, తెల్లగా పొంగి, తినేసినట్టున్నాయి. తీగ పట్టుకు లాగితే బోల్టు దగ్గర అటూ ఇటూ ఊగింది.

పుష్ప అక్కడే చతికిలబడింది. బండిని ఇన్ని నెలలుగా ఆపుతున్నది దిష్టి కాదు, తన చేయి కాదు. యాడి టెంకాయ నీళ్లు. తన కోసం పస్తుండి, పొయ్యి ఆర్పి కొట్లాడిన యాడి. బండి ఆగినప్పుడల్లా ఇంకొక కాయ కొట్టి, ప్రేమగా, ఆ రోగానికే ఇంకో గుక్క తాగించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

లేచింది. వేడినీళ్లు తెచ్చి కడిగింది. స్పానర్‌తో బోల్టు విప్పి, గరుకు కాగితం పెట్టి తీగ కొసనూ, కింద ఇనుమునూ తెల్లగా మెరిసేదాకా రుద్దింది. గట్టిగా బిగించి పైన గ్రీజు పూసింది. లైట్లు వేసి ఇండికేటర్ వేసింది. లైట్లు మసకబారలేదు. ఇక తాళం పూర్తిగా తిప్పి చూద్దామని చేయి పెట్టిందో లేదో, వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. వెంకటప్పయ్య దిగాడు. తెల్ల చొక్కా, మిరపతోటల రైతు, కూలీలను తోలుకోవడానికి బండి కావాలి ఆయనకు. మనిషి చెడ్డవాడేం కాదు. వెనకే హాతీరాం వచ్చాడు. పనికి పోవాల్సిన ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని అప్పటికే చేరారు. తమాషా చూద్దామని సగం తండా చేరింది.

అందరినీ తోసుకుంటూ ద్వాలి వచ్చింది. తల స్నానం చేసి, చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ. ఆ రోజు మంగళవారం.

"మేరామ యాడీ, నా కోడలి బండి కాపాడు" అని గొణుక్కుంటూ వచ్చి కాయ రాతి మీద కొట్టింది. ఎత్తి ఉన్న సీటు కిందికి వంగి, నీళ్లున్న చెక్క లోపలికి వంచబోయింది.

చెబితే అత్త పరువు నలుగురిలో పోతుంది. చెప్పకపోతే బండి పోతుంది, అంతకన్నా ముఖ్యం, వచ్చే మంగళవారం ఇంకో కాయ పగులుతుంది. పుష్ప చేయి అడ్డం పెట్టింది.

"యాడీ, లోపల పొయ్యకు. టైరుకు పొయ్యి."

గుంపు ముందుకు తోసుకొచ్చింది. కోడలు మేరామ యాడి నీళ్లకు అడ్డం పెట్టింది. ద్వాలి తలెత్తి చూసింది. మొదట ఆమె కళ్లలో నొప్పి కనపడింది. తర్వాత పుష్ప చేతులు చూసింది, గ్రీజు, పసుపు, పచ్చటి చిలుము. లోపల మెరుస్తున్న ఇనుము చూసింది. పక్కన కుప్ప పోసిన ముద్ద, దాని మీద చీమలు చూసింది. ఆమె చదువుకోలేదు గానీ, ఉప్పునీళ్లు పడ్డ కొడవలి ఏమవుతుందో తెలియని రైతు ఆడది లేదు.

"నా నీళ్లేనా బిడ్డా?" అంది మెల్లగా.

పుష్ప తలూపింది.

హాతీరాం చెవులకు ఆ మాట చాలు. "విన్నరా? ఇన్నొద్దులు బండి ఆగింది మా ఆడోళ్ల నిర్వాకంతోనన్నమాట. ఒకతి తోలుడు, ఒకతి నీళ్లు పోసుడు. వెంకటప్పయ్య గారూ, తీస్కపోండి. ఆడోళ్ల చేతుల పెడితే ఏదైన గిట్లనే అయితది."

ద్వాలి పళ్లెం బండి మీద పెట్టింది. నడుము మీద చేయి వేసుకుంది.

"అవ్, నేనే పోసిన. నీళ్లు నాయి. తప్పు నాది. ఇన్ని నెలలు ఈ పిల్ల చేతికి రోగమని అన్నవు గద, ఇప్పుడు నన్ను అను. అందరు వినేటట్టు అను. తెల్వక పాడు చేసింది నేను. తెలుసుకుని బాగు చేసింది ఇది. నువ్వేం జేసినవో అది గూడ చెప్పు నలుగురికి."

ఎవరో కిసుక్కున నవ్వారు. రూప్లి అయి ఉంటుంది. నలభై ఏళ్ల కాపురంలో ద్వాలి పొయ్యి ఆర్పిందే గానీ నలుగురిలో నోరెత్తలేదు. ఆమె టెంకాయ చెక్క తీసుకుని ముందు టైరుకు నీళ్లు పోసింది, మిగిలిన గుక్క నోట్లో పోసుకుంది. తర్వాత సీటు దించి, తానెన్నడూ ఎక్కని ఆ ముందు సీట్లో, స్టీరింగు ముందున్న కోడలి పక్కన ఎక్కి కూర్చుంది.

"తోలు" అంది.

రూప్లి వెనక ఎక్కింది. పనికి పోయే మిగతా అందరూ డబ్బాలతో సహా ఇరుక్కుని ఎక్కారు. తోయడానికి ఎవ్వరూ కింద మిగల్లేదు. ఇప్పుడు టిక్ అంటే అయిపోయినట్టే. పుష్ప తాళం తిప్పింది.

ఇంజను ఒక్క ఊపున లేచింది.

వెనక ఆడవాళ్లు ఒకరినొకరు గిల్లుకున్నారు. కానీ హాతీరాం అంత తేలిగ్గా పోయే మనిషి కాదు. వచ్చి బంపరు ముందు నిలబడ్డాడు, చేతికర్ర నేలకు ఆనించి. "లేస్తే ఏంది, నేను మాటిచ్చిన. నన్ను దాటి పోతదా? గుంజా, బండి దిగమని..." అని పక్కకు చూశాడు. అలవాటు. గుంజ వసారాలో ఉంది, వాకిలికి అవతలి మూల.

పుష్ప స్టీరింగు పట్టుకుని మామను చూసింది. కొంగు నెత్తి మీద నుంచి ఎప్పుడో జారింది, సర్దుకోలేదు. మధ్యలో కర్ర లేదు, గోడ లేదు, ఒక్క అద్దం ఉంది. నోరు తెరిచి మాట్లాడితే అత్తకిచ్చిన మాట తప్పినట్టు. మాట్లాడకపోతే తన బతుకును తను అమ్ముకున్నట్టు. ద్వాలి వైపు చూసింది. ద్వాలి ఆమె వైపు చూడలేదు. తిన్నగా మొగుడినే చూస్తూ, కోడలి చేయి పట్టుకుని స్టీరింగు మధ్యలోకి జరిపింది.

పుష్ప అరచేయి మొత్తం ఆనించి నొక్కింది.

ఆ హారన్ తండా ఏనాడూ వినలేదు. కోళ్లు కప్పెక్కాయి. కుక్కలు మొరిగాయి. హాతీరాం చేతికర్ర కింద పడింది. పుష్ప చేయి తీయలేదు. పెళ్లయిన నాటి నుంచి చల్లారిన అన్నం, లేని ఉప్పు, చేతికి అంటగట్టిన రోగం, అన్నీ ఆ కూతలోకి పోయాయి. ఇక చాలనిపించాక తీసింది.

వెంకటప్పయ్య చెవుల మీంచి చేతులు తీసి, కర్ర తీసి హాతీరాం చేతికిచ్చాడు. "ఇది అమ్మే బండి కాదు హాతీరాం. పక్కకు రావయ్యా, వాళ్లకు పనికి టైమవుద్ది" అన్నాడు.

హాతీరాం జరిగాడు.

బండి వాకిలి దాటి అడవి దారి పట్టింది. మలుపు దగ్గర పుష్ప ఎడమ ఇండికేటర్ వేసింది, లైట్లు అట్లాగే వెలుగుతున్నాయి. రూప్లి వెనక నుంచి, "ఏమే, మామతోటి మాట్లాడినవ్ గద, ఏమన్నవ్?" అంది. బండి బండంతా నవ్వింది. ద్వాలి కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

పుష్ప అద్దం సర్దుకుని వెనక్కి చూసింది. హాతీరాం వసారా ఎక్కి గుంజ ముందు నిలబడి ఉన్నాడు.